ఎదుగుదలకి రెండంగుళాలు

ఆ వీధిలో ఆయన్ని ఎవరూ టైలరని పిలవరు. అంగుళం అంటారు. ఆయన కుట్టిన ప్రతి బట్టలోనూ ఎక్కడో ఒకచోట అంగుళం ఎక్కువో తక్కువో ఉండి తీరుతుంది మరి. దానికి ఆయన నొచ్చుకున్నది లేదు. ఎవరైనా అనేలోపు తనే అనేసుకునేవాడు.

"నాకు ఎవరూ నేర్పలేదండీ. మా నాన్న పాత చొక్కా ఒకటి విప్పి చూసి నేర్చుకున్నాను. విప్పడం వచ్చేసింది. ఆ చొక్కా మళ్ళీ కుట్టడమే ఇప్పటిదాకా రాలేదు."

ఆయన కుట్టిన మొదటి ప్యాంటు వేసుకున్న మనిషి ఏడాదిపాటు నిలబడే భోంచేశాడని వీధిలో చెప్పుకునేవారు. ఆ మనిషి ఆయన సొంత బావమరిదే. తర్వాత బావమరిది దూరంగా ఎక్కడో ఉద్యోగం చూసుకుని వెళ్ళిపోయాడు. ఆ ప్యాంటుకీ ఈ ఉద్యోగానికీ ఏ సంబంధమూ లేదని అంగుళం గట్టిగా వాదించేవాడు.

పిల్లల బట్టల్లో మాత్రం ఆయన చేతికి తిరుగులేదు. తల్లులు పిల్లల్ని వెంటబెట్టుకుని రెండు వీధుల అవతల్నుంచి వచ్చేవాళ్ళు. టేపు మెడలోంచి తీస్తూ ఆయన అడిగే మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే.

"ఎదుగుదల ఎంత పెట్టమంటారు?"

అంటే గౌను కింది అంచులో రెండంగుళాల గుడ్డ, పక్క కుట్లలో చెరో అంగుళం గుడ్డ లోపలికి మడిచి వదిలెయ్యడం. పిల్ల పొడుగయ్యాక ఆ కుట్టు విప్పితే చాలు, గౌను కూడా దాంతోపాటు పొడుగవుతుంది. మిగతా టైలర్లు అరంగుళం వదిలి అదే పదివేలనేవారు. అంగుళం మాత్రం ధారాళంగా వదిలేవాడు. "ఎదగనివ్వండి, నాకేం పోయింది!" అనేవాడు.

మూడేళ్ళుగా ఆయన ఆ ప్రశ్న అడగడం లేదు. దుకాణం గోడకి ఒక అట్టముక్క తగిలించాడు. "పిల్లల బట్టలు కుట్టబడవు" అని సొంత దస్తూరితో రాసింది. అది చూసి పక్క బడ్డీలో ఇస్త్రీ చేసే ఆయన, "మీరు కుట్టినా కుట్టబడవుగా మేష్టారూ!" అని పకాలున నవ్వాడు. ఆ వెంటనే నాలిక్కరుచుకుని, తల దించేసి, ఇస్త్రీపెట్టెలో బొగ్గులు కదపడం మొదలెట్టాడు. చాలాసేపు కదిపాడు.

అంగుళానికి ఒక్కతే కూతురు. బళ్ళో రాయించిన పేరు ఏదో ఉండేది గానీ అందరూ బొత్తాం అనే పిలిచేవారు. మిషను కింద, నాన్న కాళ్ళ దగ్గర కూర్చుని రేకు డబ్బాలో బొత్తాలు రంగుల వారీగా ఏరడం దాని ఉద్యోగం. జీతం కూడా అదే తీసుకునేది. రోజూ పడుకునే ముందు గౌను జేబులోంచి నాలుగైదు బొత్తాలు బయటపడేవి. దానికి 'ళ' పలికేది కాదు. వీధిలోవాళ్ళు పిలిచే పేరు పట్టుకుని తండ్రిని తనూ పిలిచేది. "అంగులం నాన్నా!" ఆ పిలుపు విన్నాక ఆయనకి ఆ పేరు మీద ఉన్న కాస్త చిరాకు కూడా పోయింది.

ఇంకొకటుంది. బొత్తాం ఎడమ భుజం కుడి భుజం కంటే అరంగుళం కిందికి ఉండేది. పుట్టుకతోనే అంత. చూసేవాళ్ళకి తెలిసేది కాదు. టేపు పట్టుకుని బతికేవాడు కాబట్టి తండ్రికి తెలిసింది. దాని ప్రతి గౌనుకీ ఎడమ భుజం అరంగుళం దించి కత్తిరించేవాడు. ఆయన జన్మలో తప్పు లేకుండా కుట్టిన బట్టలంటే అవే.

ఆరో ఏట నాలుగు రోజుల జ్వరం వచ్చింది. ఐదో రోజు రాలేదు. పిల్లా లేదు.

*

ఆ రోజు మధ్యాహ్నం నుంచే ముసురు పట్టింది. నాలుగున్నర అయ్యేసరికి ఆరున్నర అయినట్టుంది వీధి. బడి విడిచిన పిల్లలు సంచులు నెత్తిన పెట్టుకుని పరిగెత్తుకుంటూ పోయారు. ఆ వేళకి అంగుళం ఎప్పుడూ తల ఎత్తడు. మిషను మీద ఏ పని ఉన్నా లేకపోయినా సూదిలోకి దారం ఎక్కిస్తూ ఉంటాడు. వెనక గదిలో ఆయన భార్య చొక్కాలకి కాజాలు కుడుతోంది. మూడేళ్ళుగా వాళ్ళిద్దరి మధ్య మాటలంటే బట్టల మాటలే. "ఈ చొక్కాకి ఎన్ని గుండీలు?" "ఏడు." అంతే, ఆ పూటకి సంసారం అయిపోయినట్టు.

"మేష్టారూ."

గడప అవతల, చూరు కింద ఒకాయన నల్ల గొడుగు వేసుకుని నిలబడి ఉన్నాడు. చూరు కింద కూడా గొడుగు ముడవలేదు. ముఖం తర్వాత ఎంత గుర్తు చేసుకున్నా అంగుళానికి గొడుగే గుర్తొచ్చేది. ఒకటి మాత్రం అప్పుడే కంటపడింది. అంత వానలో వచ్చిన గొడుగు అంచు నుంచి ఒక్క బొట్టు కూడా కారడం లేదు.

"లోపలికి రండి, తడుస్తారు."

"పర్లేదండీ. పిలిస్తే వస్తాను గానీ, ఇప్పుడు కాదు." ఆ గొంతు ఎంత మర్యాదగా ఉందంటే, అంగుళానికి తన లుంగీ సరిగ్గా కట్టుకున్నాడో లేదో చూసుకోవాలనిపించింది. ఆయన గొడుగు కిందనుంచి చెయ్యి చాపి, గడప దాటకుండానే, బల్ల మీద ఒక కాగితప్పొట్లం పెట్టాడు. "చిన్నపిల్ల గౌను. కాస్త వదులు చెయ్యాలి."

"పిల్లల బట్టలు కుట్టడం లేదండీ." అట్టముక్క చూపించాడు.

"కుట్టమనడం లేదు మేష్టారూ. మీరు వదిలిందే విప్పమంటున్నాను. పిల్ల ఎదిగింది. ఛాతీ ఇరవయ్యారు. పొడుగు ఇరవై తొమ్మిది. ఎడమ భుజం... అది మీకు తెలుసు."

అంగుళం చేతిలో దారం సూది దాటి పక్కకి పోయింది.

"ఆరింటికి వస్తాం. పిల్లని కూడా తీసుకొస్తాను. వేసి చూసుకోవచ్చు. వేరేవాళ్ళ చేత విప్పించకండి, చిరుగుతుంది. ఎవరు వదిలితే వాళ్ళే విప్పాలి."

గొడుగు వానలోకి వెళ్ళిపోయింది.

*

అంగుళం పొట్లం విప్పాడు.

ఆకాశం రంగు గౌను. తెల్ల కాలరు. ఈ గుడ్డ తాను తానులుగా అమ్ముతారు, ఎంతమంది కుట్టించుకుని ఉంటారు, అనుకున్నాడు. వీపు వైపు తిప్పాడు. నాలుగు తెల్ల బొత్తాలు. మూడోది ఎర్రదారంతో కుట్టి ఉంది.

ఆ రోజు తెల్లదారం అయిపోయింది. లేదు, అయిపోలేదు. కళ్ళకి కనపడలేదు.

ఆ గౌను ఆయనే కుట్టాడు. పిల్లకి ఆఖరి బట్ట ఇంకొకరు కుట్టడం ఇష్టం లేక, వెనక గదిలో అందరూ ఏడుస్తుంటే ముందు గదిలో మిషను తొక్కాడు. ఏం కుడుతున్నాడో చేతులకే తెలుసు. చేతులు తమకి అలవాటైనట్టే కుట్టుకుపోయాయి. ఎడమ భుజం అరంగుళం దించాయి. పక్కల చెరో అంగుళం, కింద రెండంగుళాలు ఎదుగుదల కూడా పెట్టేశాయి.

పిల్లకి ఆ గౌను తొడిగింది పెద్దత్త. అంటే భార్యకి పెద్దమ్మ. పైవాటాలో ఉంటుంది. ముప్ఫై ఏళ్ళు ఆసుపత్రి శవాల గదిలో, పోయినవాళ్ళని కడిగి బట్టలు తొడిగే పని చేసింది. "నా చేతి కింద పడ్డవాళ్ళెవరూ ఇప్పటిదాకా బాలేదనలేదు. నీకా యోగం లేదు అల్లుడూ" అని అల్లుడి వరస కాబట్టి ఆయన్ని ఆటపట్టించే మనిషి. ఆ రోజు మాత్రం గౌను అంచు తిరగేసి చూసి నెమ్మదిగా అడిగింది. "ఎదుగుదల ఎందుకు అల్లుడూ? కత్తిరించెయ్."

ఆయన కత్తెర తీశాడు. గుడ్డకి ఆనించాడు కూడా.

"ఉండనీ అత్తయ్యా" అన్నాడు.

ఆ గౌనుతోనే పిల్లని మట్టిలో పెట్టి వచ్చారు. మూడేళ్ళయింది.

ఇప్పుడది బల్ల మీద ఉంది. తడిమట్టి వాసన వేస్తోంది. మట్టి వాసన కింద ఇంకో వాసన. నూనె రాసిన జుట్టు, చెమట, బడి సంచిలో మిగిలిన రొట్టెముక్క. ఆయన గౌను లోపల చెయ్యి పెట్టాడు. తడిగా లేదు. వెచ్చగా ఉంది. ఎవరో ఇప్పుడే ఒంటి మీంచి విడిచినట్టు...

పక్క కుట్లు చూశాడు. కుట్టు కుట్టుకీ మధ్య గుడ్డ సాగి, సూది రంధ్రాలు కళ్ళలా తెరుచుకున్నాయి. ఎదిగే పిల్ల బిగుసుకుపోయిన గౌను లాక్కుని లాక్కుని తొడుక్కుంటే అలా అవుతుంది. అలాంటివి ఆయన వందల్లో చూశాడు. మోకాళ్ళ దగ్గర మట్టి మరకలు. జేబులో ఏదో గలగలమంది.

జేబు తిరగేశాడు. ఐదు బొత్తాలు. ఐదూ ఒకే రంగు.

"ఏమయ్యా..."

భార్య ఎప్పుడొచ్చిందో వెనక నిలబడి ఉంది. అరవలేదు. గౌను అందుకుని ముఖానికి అదుముకుంది. తర్వాత, మూడేళ్ళలో మొదటిసారి, బట్టల గురించి అయినా బట్టల గురించి కాని మాట ఒకటి అంది.

"పిల్లకి బిగుసుకుపోయిందయ్యా. విప్పు."

"ఏమే, నీకేమైనా మతి..."

"ఎదగనివ్వండి, నాకేం పోయింది అనేవాడివిగా? ఊళ్ళో పిల్లలందరికీ అన్నావుగా! మన పిల్లకి అనవేం?"

ఆయన కుట్టు విప్పే చిన్న కొక్కెం కోసం సొరుగులో తడుముకున్నాడు. చేతులకి అలవాటు.

*

కర్ర చప్పుడు మెట్లు దిగింది. టక్... టక్... పెద్దత్త గుమ్మంలో నిలబడి గాలి పీల్చింది. కళ్ళు సగం పోయాయి గానీ ముక్కు పోలేదు.

"ఎవరొచ్చారు?"

ఆవిడ చేత్తో బల్ల మీద తడిమి గౌను పట్టుకుంది. అంచు దొరికింది. మడత దొరికింది. ఆవిడ చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"గొడుగేసుకొచ్చాడా?"

అంగుళం తలూపాడు. ఆవిడకి కనపడదని గుర్తొచ్చి, "ఊఁ" అన్నాడు.

"వాడి పేరు నాకు తెలీదు. ఉద్యోగంలో ఉండగా ఆ గొడుగుని రెండుసార్లు చూశాను. పోయినవాళ్ళ దగ్గర ఎక్కడ జాగా మిగిల్తే అక్కడ చేరతాడు. మర్యాదస్తుడు. అడక్కుండా ఏదీ తీసుకోడు. మన చేత్తోనే ఇప్పించుకుంటాడు."

"ఆ రెండుసార్లూ ఏమైందత్తయ్యా?"

"ఒక ఇంట్లో ఇవ్వలేదు. వాళ్ళు ఏడ్చుకుంటూ బతికారు. ఇంకో ఇంట్లో ఇచ్చారు. వాళ్ళకీ నేనే బట్టలు తొడిగాను. నలుగురికీ. ఒకే రోజు."

"అబద్ధం!" అంది భార్య. "ఇది నా పిల్ల వాసన పెద్దమ్మా. నాకు తెలీదా?"

"నీ పిల్లదే తల్లీ. లోపలున్నది మన బొత్తామే. నాకూ తెలుసు. అదే కదా బాధ! పిల్ల చుట్టూ అల్లుడు జాగా వదిలాడు. ఆ జాగాలో ఆ గొడుగువాడిదేదో దూరింది. పిల్ల ఎదగలేదమ్మా, దాని చుట్టూ ఉన్నది ఎదిగింది. ఇంకో రెండంగుళాలు ఇచ్చామంటే లోపల పిల్లకి చోటుండదు. ఆ దూరింది మన గడప దాటి వచ్చి, మన కంచంలోనే తిని, మన పక్కనే పడుకుంటుంది."

"ఇప్పుడేం చెయ్యమంటావ్?" అన్నాడు అంగుళం.

"ఆ రోజు చెయ్యనిది చెయ్యి. మడత కత్తిరించి పాత కుట్టు మీదే మళ్ళీ కుట్టు. వేలు దూరే సందు లేకుండా. కత్తిరించిన ముక్కలు కాల్చెయ్యాలి." ఆవిడ గొంతు తగ్గించింది. "గుడ్డ వదిలావు గానీ, పిల్లని వదల్లేదు అల్లుడూ నువ్వు. ఇకనైనా దాన్ని పడుకోనీ."

కరెంటు పోయింది.

*

గోడ గడియారం కొట్టడం ఆగి ఏడాదయింది. ఆరయిందని మాత్రం వాళ్ళకి తెలిసింది. వీధిలో వాన చప్పుడు ఆగలేదు, కానీ దుకాణం ముందు ఆగింది. అంత మేరకే ఆగింది. చూరు కింద గొడుగంత చోటులో...

అంగుళం దీపం వెలిగించి, కింద జానెడు సందు మిగిల్చి షట్టరు దించి ఉంచాడు. ఆ కింద సందులోంచి చూశాడు.

నాలుగు పాదాలు. రెండు మెరిసే బూట్లు, పొడిగా. వాటి పక్కన రెండు ఉత్త పాదాలు. మట్టి పట్టినవి. మునివేళ్ళ మీద నిలబడి ఉన్నాయి, బల్ల మీద ఏముందో చూడాలని పిల్లలు నిలబడ్డట్టు.

"వచ్చాం మేష్టారూ" అంది మర్యాద గొంతు.

భార్య ఆయన చేతికి కొక్కెం ఇచ్చింది. పెద్దత్త కత్తెర ఇచ్చింది.

ఆయన ముందు కొక్కెమే వాడాడు. ఇది చెప్పడానికి ఆయన తర్వాత ఎప్పుడూ సిగ్గుపడలేదు. ఏ తండ్రైనా అంతే అనుకున్నాడు. అంచు దగ్గర ఒక్క కుట్టు పుటుక్కున తెంపాడు. ఒకే ఒక్కటి.

గౌను ఊపిరి పీల్చింది.

ఛాతీ దగ్గర గుడ్డ పైకి లేచి, నిలిచి, మెల్లగా దిగింది. షట్టరు కింద ఆ ఉత్త పాదాలు ఇప్పుడు మునివేళ్ళ మీద లేవు. మడమలు నేలకి ఆనాయి. అయినా షట్టరు రేకు మీద పైనెక్కడో, అంతకు ముందు కంటే ఎత్తులో, ఒక చెయ్యి ఆనిన చప్పుడయింది. గోళ్ళ చప్పుడు. చాలా వేళ్ళు...

ఆయన కొక్కెం పడేసి కత్తెర తీసుకున్నాడు.

కింది అంచు రెండంగుళాల ముక్క, పొడుగ్గా, రిబ్బనులా తెగి నేల మీద పడింది. తర్వాత ఎడమ పక్క ముక్క. తర్వాత కుడి పక్కది. గౌను మిషను కింద పెట్టాడు. పాదం తొక్కుడు పలక మీద ఆనించాడు. అక్కడ, మిషను కింద, కాళ్ళ దగ్గర ఎవరూ లేరు. మూడేళ్ళుగా లేరు. ఇప్పుడూ లేరు.

మిషను కదిలింది.

"నాన్నా" అంది షట్టరు అవతల్నుంచి పిల్ల గొంతు. "బిగువుగా ఉంది నాన్నా."

భార్య నోరు రెండు చేతులతో మూసుకుంది.

"రెండంగుళాలు వదులు చెయ్యి నాన్నా. రెండంగుళాలే."

అంగుళం చెవులు నిక్కించాడు. అంగుళాలు. బళ్ళో పంతులు ఎదురుగా నిలబడి అప్పజెప్పినట్టు, ఒక్క అక్షరం పొల్లుపోకుండా... ఆయన గుండె దిటవు చేసుకున్నాడు. ఇది అది కాదు. నా పిల్లకి 'ళ' పలకదు. ఇది నేర్చుకుని వచ్చింది. పాపం, కష్టపడి నేర్చుకుంది, కానీ తప్పు నేర్చుకోవడం మర్చిపోయింది. ఎడమ పక్క కుట్టు అయిపోయింది. కుడి పక్క కుట్టు అయిపోయింది. ప్రతి కుట్టుకీ అవతల గొంతు సన్నబడుతోంది. పిలుపు మూలుగైంది. మూలుగు ఎక్కిళ్ళయింది. గోళ్ళు రేకు మీద కిందికి, కిందికి జారుతున్నాయి. ఎత్తు తగ్గుతోంది.

ఆఖరిది కింది అంచు. చుట్టూ తిరిగి వచ్చింది సూది. ఇంకా రెండంగుళాలు ఉంది.

"అంగులం నాన్నా..."

పాదం ఆగిపోయింది.

"అంగులం నాన్నా... ఊపిరి ఆడట్లేదు..."

వాన చప్పుడు కూడా వినపడలేదు ఆయనకి. లోపలున్నది మన బొత్తామే అంది పెద్దత్త. నాకూ తెలుసు అంది. తెలియడం వేరు. వినడం వేరు.

"ఆపయ్యా" అంది భార్య. నేల మీద కూలబడి ఆయన కాలు పట్టుకుంది, తొక్కుడు పలక మీదున్న కాలు. "నీకు దండం పెడతా. అదేనయ్యా. మన బొత్తామే. ఆపు..."

ఆయన పెద్దత్త వైపు చూశాడు. ఆ సగం కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి. ముప్ఫై ఏళ్ళలో ఆవిడ ఏడవగా ఎవరూ చూడలేదు.

"పడుకో అమ్మా" అన్నాడు అంగుళం. జోకొట్టేటప్పుడు అనే గొంతుతోనే అన్నాడు. "అయిపోయింది. ఇంకొంచెమే. కళ్ళు మూసుకో."

కాలు భార్య చేతుల్లోంచి లాక్కున్నాడు. ఆ రెండంగుళాలూ కుట్టాడు.

*

చప్పుడు లేదు.

తర్వాత వాన దుకాణం ముందు కూడా కురవడం మొదలెట్టింది.

"మంచి పనితనం మేష్టారూ" అంది మర్యాద గొంతు. కోపం లేదు అందులో. అదే భయంగా ఉంది. "అంగుళం కూడా తేడా రాలేదు."

బూట్లు వెనక్కి తిరిగి వెళ్ళిపోయాయి. షట్టరు ఎత్తి చూస్తే గడప అవతల చిన్న పాదాల మరకలు రెండు ఉన్నాయి. ఆరేళ్ళ పిల్లవి. చూస్తుండగానే వాన వాటిని కడిగేసింది. అంగుళం వాటికి చెయ్యి అడ్డం పెట్టబోయాడు. చెయ్యి ఎంతకని అడ్డం?

బల్ల మీద గౌను చల్లగా ఉంది. పెద్దత్త దాన్ని మడిచి, తనే తీసుకెళ్ళి పిల్ల దగ్గర పెట్టించి వచ్చింది. వెళ్ళేముందు ఇస్త్రీ బడ్డీలో బొగ్గుల మీద ముక్కలు వెయ్యమంది. అంగుళం నేలంతా వెతికాడు. పక్క కుట్ల ముక్కలు రెండూ దొరికాయి. కింది అంచు ముక్క దొరకలేదు. రెండంగుళాల వెడల్పుది. ఆకాశం రంగుది.

"కాళ్ళకి తగులుకుని వానలోకి పోయుంటుంది" అంది భార్య. నేల మీద అలాగే కూర్చుని ఉంది. పిడికిళ్ళు రెండూ ఒళ్ళో ఉన్నాయి.

ఆయన ఇంకోసారి అడగలేదు. ఆ పూట ఆమెని ఏదీ అడిగే అర్హత తనకి లేదనుకున్నాడు.

*

తర్వాత పెద్దత్త రెండు నెలలు బతికింది. పోయేముందు తన బట్ట తనే కొలత చెప్పి కుట్టించుకుంది. "ఒక్క నూలుపోగు ఎక్కువ పెట్టావో, చచ్చాక కూడా తిడతాను" అంది. బొత్తాం బట్టల తర్వాత అంగుళం మళ్ళీ ఎక్కడా తేడా రాకుండా కుట్టింది అదొక్కటే.

ఆయన భయపడ్డట్టు భార్య ఆయన్ని అసహ్యించుకోలేదు. మాట్లాడ్డం మొదలెట్టింది. కాజాలు కుడుతూ ఏదో కూనిరాగం తీసేది. ఆకలిగా తినేది, రెండోసారి వడ్డించుకుని మరీ. ఒకరోజు బొత్తాల డబ్బా బయటికి తీసి రంగుల వారీగా ఏరి పెట్టింది. పోనీలే, మనిషి తేరుకుంటోందని ఆయన పొంగిపోయాడు. అట్టముక్క పీకేశాడు. అది చూసి ఇస్త్రీ ఆయన ఒక్క జోకు కూడా వెయ్యకుండా ఊరుకున్నాడు. అదీ ఒక మర్యాదే.

ఒక సాయంత్రం, బడి విడిచే వేళకి, ఆమె వచ్చి ఆయన ముందు నిలబడింది.

"నా జాకెట్టు బిగుసుకుపోతోంది. కాస్త వదులు చెయ్యి."

మూడేళ్ళలో మొదటిసారి ఆయన నవ్వాడు. "నేను కుట్టిన జాకెట్టు బిగువవడమా! ఇన్నాళ్ళూ అందులో ఇంకో మనిషికి చోటుందని తిట్టేదానివి కదే?"

ఆమె నవ్వలేదు. వెనక్కి తిరిగి నిలబడింది. ఆయన మెడలోంచి టేపు తీశాడు. పన్నెండేళ్ళుగా కుడుతున్నాడు, ఆమె కొలతలు కాగితం చూడకుండా చెప్పగలడు. జాకెట్టు అంచు కాస్త ఎత్తి చూశాడు. లోపలి వైపు చుట్టూ ఒక పట్టీ కుట్టి ఉంది. కాజాలు కుట్టే చేతి కుట్టు, ఎర్రదారంతో. పట్టీ రంగు చూసి ఆయన అంచు వదిలేశాడు.

టేపు భుజాల మీద వేశాడు. తీసి, మళ్ళీ వేశాడు.

ఎడమ భుజం అరంగుళం కిందికి ఉంది.

వీధిలో బడి పిల్లలు కేకలేసుకుంటూ పోతున్నారు. ఈసారి ఆయన తల ఎత్తి చూశాడు, ఆమె ముఖం చూడకుండా ఉండటానికి. టేపు మళ్ళీ మెడలో వేసుకున్నాడు. నోరు మాత్రం దాని అలవాటు కొద్దీ అడిగేసింది.

"ఎంత... వదలమంటావు?"

ఆమె తిరగలేదు. మునివేళ్ళ మీద కాస్త లేచి, బల్ల మీద బొత్తాల డబ్బా వైపు చూస్తూ చెప్పింది.

"రెండంగులాలు."